పచ్చి జీతం, ఎండు జీతం

మా ఊరు పెర్కిట్‌లో ఎవరికైనా ఏదైనా తేలక తల పట్టుకోవలసి వస్తే పెద్దబాపు దగ్గరికి పోయేవాళ్ళు. పోయినవాళ్ళు ఉన్న అయోమయానికి ఇంకాస్త కలుపుకుని తిరిగి వచ్చేవాళ్ళు. అయినా మళ్ళీ ఏదైనా తేలకపోతే ఆయన గడపే తొక్కేవాళ్ళు. ఈ సంగతి నాకు చిన్నప్పుడూ అర్థం కాలేదు, పోయిన నెల ఆయన చనిపోయాడని మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడూ అర్థం కాలేదు. ఏడవాలో, ఆయనతో నాకున్న పాత తగాదా తేలకుండానే పోయాడని విసుక్కోవాలో తెలియలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవాడు. మా బాపు కన్నా వయసులో పెద్ద కాబట్టి నాకు పెద్దబాపు, ఆయన భార్య పెద్దమ్మ. ఆర్మూర్‌లో పసుపు దలాలీ చేసేవాడు. అంటే పసుపు తెచ్చిన రైతుకూ, కొనే సేటుకూ మధ్య నిలబడి బేరం కుదిర్చి, ఇద్దరి చేతా తిట్లు తినే పని. మనిషి పొట్టి. భుజం మీద ఎప్పుడూ తువ్వాల ఉండేది, అన్నం తినేటప్పుడు కూడా తీసేవాడు కాదు. చొక్కా జేబులో పెన్ను ఉండవలసిన చోట పసుపు కొమ్ము ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని తీసి పుటుక్కున విరిచి, చప్పుడు విని, ముక్కలు మళ్ళీ జేబులో వేసుకునేవాడు. మంచిగా ఎండిన కొమ్ము గట్టిగా మోగుతుందట. ఆ జేబుల మరకలు వదిలించడానికి పెద్దమ్మ పడే పాట్లు మా వాడకట్టుకంతా తెలుసు.

ఏ విషయమైనా ఆయన "గిటు జూస్తె" అని మొదలుపెట్టేవాడు. మక్కజొన్నలు ఇప్పుడే అమ్మాలా, నెల రోజులు ఉంచాలా అని ఎవరైనా అడిగితే, గిటు జూస్తె అమ్ముడే మంచిదని చక్కగా ఒప్పించేవాడు. అడిగినవాడు సంతోషంగా లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టే వేళకు "గని గటు జూస్తె" అనేవాడు. లేచినవాడు మళ్ళీ కూలబడేవాడు. పిల్లలం ఆయన వెనక గిటుగటు దలాలి అనుకునేవాళ్ళం. పెద్దమ్మ అయితే ముఖం మీదే అనేది. ఏం కూర వండాలో మాత్రం ఈయన్ని ఎన్నడూ అడగను, అడిగితే ఇంట్లో అందరికీ పస్తే అని ఆమె అందరికీ చెప్పేది.

ఆయనకు ఇంకో జబ్బు ఉండేది. ఎవరు ఏ అంకె చెప్పినా పచ్చిదా, ఎండుదా అని అడిగేవాడు. పొలంలో తవ్విన పచ్చి పసుపు బండ్ల కొద్దీ కనిపిస్తుంది. ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టేసరికి అందులో ఐదో వంతు మిగిలితే గొప్ప. అందుకే మా వైపు తవ్విన రోజు అంకె చెప్పుకుని మురిసేవాణ్ణి చూసి నవ్వుతారు. ఆయన ఆ లెక్కను పసుపు దగ్గర ఆపకుండా లోకమంతటికీ తగిలించాడు. మా వాడకట్టులో ఒక అమ్మాయికి సిరికొండ నుంచి సంబంధం వస్తే, పిల్లగాడి జీతం ఎంతో గొప్పగా చెప్తున్న మధ్యవర్తిని పచ్చిదా ఎండుదా అని అడిగాడు. మధ్యవర్తి బిక్కముఖం వేశాడు. అద్దె, తిండి, బస్సు కిరాయి, ఇంటికి పంపేది పోను మిగిలిందే ఎండు జీతమని ఆయన విడమరిచి చెప్పేసరికి ఆ సంబంధం అక్కడే ఎండిపోయింది.

ఇక తువ్వాల సంగతి. పాతకాలపు దలాలీలు ధర నోటితో చెప్పరు. తువ్వాల కింద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వేళ్ళతో చెప్పుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, పిడికిలి ముడిస్తే ఐదు. ఐదు అంటే ఐదు వందలా, ఐదు వేలా అని ఎవరూ అడగరు. ఆ ఏటి ధర తెలిసినవాళ్ళకు ఆ సంగతీ తెలిసే ఉంటుంది. యార్డులో అందరి ముందూ వేలం పాట పాడే పద్ధతి వచ్చాక ఇది తగ్గిపోయింది గానీ ఆయనకు మాత్రం తగ్గలేదు. నోటితో చెప్పిన ధర అబద్ధం, చేతితో చెప్పింది నిజం అని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకం నా బతుకును బాగు చేసిందో, నిండా ముంచిందో ఇప్పటికీ చెప్పలేను.

ఇంటర్ అయ్యాక ఎంసెట్‌లో నాకు డాక్టరు సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఫిజియోథెరపీ చదువుతానని పట్టుబట్టాను. దానికి కారణం మా నాయనమ్మ. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయిన ఆమెకు నిజామాబాద్ ఆసుపత్రిలో ఒక ఫిజియో అక్క వారాల తరబడి ఆ చేతిని వంచి, చాచి, బతిమాలి, బెదిరించి, చివరికి జొన్నరొట్టె తనే తుంచుకుని తినేటట్టు చేసింది. ఆ రోజు నాయనమ్మ ముఖం చూసిన నాకు ఇంకో చదువు చదవాలనిపించలేదు. బాపుకు మాత్రం టీటీసీ చేయించాలని ఉండేది. టీటీసీ తరువాత డీఎస్సీ, డీఎస్సీ తరువాత సర్కారు బడి, తరువాత ఫికర్ లేదు అని ఆయన లెక్క.

నేను కోరిన చదువు నాలుగేళ్ళు. ఆపైన ఆరు నెలలు ఆసుపత్రిలో జీతం లేని పని. ఫీజూ హాస్టలూ కలిపి రెండు లక్షల పైమాట. మా రెండెకరాల పసుపు ఆ ఏడు కూలీల ఖర్చుకే చాలలేదు. బ్యాంకు వాళ్ళు చదువుకు అప్పు ఇస్తారని నేను పేపర్లో చదివి చెప్పాను. అప్పు అయితే ఇస్తారు, కానీ చదువు అయ్యాక మొదటి జీతం ఎంత వస్తుంది, అది ఆ అప్పుకు సరిపోతుందా? మా ఇంట్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. ఏమీ తోచనప్పుడు పెర్కిట్‌లో అందరూ చేసే పనే బాపు కూడా చేశాడు. నన్ను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి నడిచాడు.

ముందు ఆ చదువేమిటో చెప్పమన్నాడు. కీళ్ళు, నరాలు, కండరాలు, వ్యాయామం అంటూ నాకు తెలిసిందంతా చెప్పాను. అంతా శ్రద్ధగా విని, మాలీషేనా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నాలుగేళ్ళు చదివి కాళ్ళు ఒత్తడానికి రెండు లక్షలా అని ఆయన బాపుతో అంటుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూశాడో ఏమో, వెంటనే గటు జూస్తె అని మొదలుపెట్టాడు. యార్డులో బస్తాలు మోసే హమాలీల నడుములు ఎట్లా పోతున్నాయో, పసుపు తవ్వే ఆడవాళ్ళ మోకాళ్ళు ఎట్లా అరిగిపోతున్నాయో ఒక్కొక్కరిని తలుచుకుని చెప్పాడు. ఆర్మూర్‌లో పసుపు కన్నా నొప్పులే ఎక్కువ పండుతాయని తేల్చాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. మళ్ళీ గిటు వచ్చాడు. ఒక సాయంత్రమంతా అట్లా గడిచాక, జీతం ఎంతో తెలియకుండా అప్పు సంగతి మాట్లాడటం దండగ, పోయి అడుగుదామన్నాడు.

ముగ్గురం బస్సెక్కి హైదరాబాద్ శివారులో ఉన్న ఒక కాలేజీకి పోయాం. ఆఫీసులో గుమస్తా ఫీజుల కాగితం చేతికిచ్చాడు. పెద్దబాపు దాన్ని బాపుకు అందించి, కుర్చీ ముందుకు జరుపుకుని, భుజం మీది తువ్వాల తీసి ఆ గుమస్తా చేతి మీద కప్పాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది. ఆయన మాత్రం కింద చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించాడు.

"పిల్ల సదివి బయటికొచ్చినంక జీతమెంతొస్తది సార్? నోటితోని జెప్పకుండ్రి."

గుమస్తా తలుపు వైపు చూశాడు. ప్రిన్సిపాల్ గది వైపు చూశాడు. తువ్వాల కింద ఏదో కదిలింది. పెద్దబాపు ముఖం వెలిగింది. తువ్వాల తీసేశాడు. గుమస్తా తన అరచేతిలోకి చూసుకుని ముఖం మాడ్చుకున్నాడు. మేం దండాలు పెట్టి బయటపడ్డాం. బస్ స్టాపు దాకా ఆయన గబగబా నడిచాడు. వచ్చాక, చుట్టూ చూసి, ఐదు అన్నాడు. ఐదు ఏంది అని బాపు అడిగాడు. ఐదు వందలైతే ఎవరూ చేయరు, ఐదు లక్షలైతే మనల్ని ఈ గేటు లోపలికే రానీయరు, కాబట్టి ఐదు వేలే అని ఆయన జవాబు. అందులో తప్పు పట్టడానికి మాకు ఏమీ కనిపించలేదు.

ఆర్మూర్ వచ్చేదాకా బస్సులో ఆ ఐదు వేలను ఎండబెట్టాడు. గది అద్దె ఇంకొక అమ్మాయితో పంచుకుంటే ఇంత, మెస్సుకు ఇంత, సిటీ బస్సు పాసుకు ఇంత అంటూ తీసేస్తూ వచ్చాడు. చివరికి మూడు వేలు మిగిలాయి. నెలకు బ్యాంకు కిస్తీ కూడా సుమారు అంతే. బాపు కిటికీలోంచి చూస్తూ తల ఊపాడు. ఆ తల ఊపుడు చూసి నేను ఆ రాత్రి నిమ్మళంగా నిద్రపోయాను.

నిమ్మళం ఎక్కువ రోజులు నిలవలేదు. శుభవార్త చెబుదామని నిజామాబాద్‌లో నాయనమ్మకు వైద్యం చేసిన ఫిజియో అక్క దగ్గరికి పోయాను. ఐదు వేలు అనగానే ఆమె పకపకా నవ్వింది. తను రెండున్నర వేలతో చేరిందని, ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్ళకు మూడు వేలు ఇస్తే గొప్ప అని చెప్పింది. మరి మానేసి ఇంకేదైనా చేసుకోవచ్చు కదా అక్కా అన్నాను. ఆమె నన్ను ఏదో వింత మాట విన్నట్టు చూసి, లోపల పేషెంటు ఉన్నాడని వెళ్ళిపోయింది. ఆ చూపు పట్టుకుని నేను ఇంటికి వచ్చాను. సంగతి చెప్పగానే బాపు టీటీసీ దరఖాస్తు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమన్నాడు.

నేను కోపంగా పెద్దబాపు ఇంటికి పోయి, ఆ గుమస్తా నిజంగా ఐదు అన్నాడా అని నిలదీశాను. ఆయన నా చేతి మీద తువ్వాల కప్పి, తన వేళ్ళు నా అరచేతిలో పెట్టి, గుమస్తా ఇట్లా చేశాడని నా పిడికిలి ముడిచి చూపించాడు. అప్పుడు నాకు అర్థమయింది. ఆ గుమస్తా ఏ అంకే చెప్పలేదు. తువ్వాల చాటున తన చేతిలో నోటు పెడుతున్నారనుకుని, దాన్ని అందుకోవడానికి పిడికిలి మూశాడు. ఈ మాట చెప్పాను. ఆయన నా ముఖం, తన చెయ్యి మార్చి మార్చి చూశాడు.

"అంటే నేనడిగింది జీతం, ఆయన జెప్పింది లంచం."

నాకు నవ్వు వచ్చింది. ఆయన నవ్వలేదు. గిటు అనలేదు, గటు అనలేదు. తువ్వాల భుజం మీద వేసుకుని లోపలికి పోయాడు. మరునాడు యార్డుకు కూడా పోలేదని పెద్దమ్మ వచ్చి చెప్పింది. బేరంలో నష్టపోయిన రోజులు ఎన్నో చూశాను గానీ ఈయన ఇట్లా కూర్చోవడం చూడలేదని దిగులుపడింది.

నేను మాత్రం మూడు వేలకైనా సరే అదే చదువుతానన్నాను. మరి కిస్తీ ఎవరు కడతారని బాపు అడిగాడు. అప్పుకు మూడో మనిషి జమానతుగా, అంటే పూచీగా ఉండాలని బ్యాంకు మేనేజరు అన్నాడని, ఎవరైనా ఉంటామంటే అప్పుడు చూద్దామని బాపు అన్నాడు. అది మా బాపు మర్యాదగా వద్దనే పద్ధతి. మూడు వేల జీతం కోసం రెండు లక్షల అప్పుకు సంతకం పెట్టే పిచ్చివాడు ఎవరూ దొరకడని ఆయన ధీమా.

రెండు రోజుల తరువాత పొద్దున్నే పెద్దబాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని మా వాకిట్లో నిలబడ్డాడు. జేబులో కొమ్ము లేదు. పోదాం పా, బ్యాంకు తెరుస్తారు అన్నాడు. బాపు తెల్లముఖం వేశాడు. ఇంటికి వచ్చిన పెద్దమనిషిని కాదనలేక చెప్పులు తొడుక్కున్నాడు.

బ్యాంకులో మేనేజరు మంచివాడే. పిల్ల కట్టకపోతే మీరు కట్టాలి, తెలుసా అని అడిగాడు. తెలుసన్నాడు. పిల్ల మీకేమవుతుంది అంటే ఏమీ కాదన్నాడు. ఈ కోర్సు చేస్తే ఉద్యోగం, జీతం ఎట్లా ఉంటాయో అర్థం చేసుకునే వచ్చారా అని మేనేజరు ఇంకోసారి అడిగాడు. పెద్దబాపు బల్ల మీది కాగితాలు తన వైపు జరుపుకున్నాడు.

"సార్, గీ సదువేందో నాకు సమజ్ గాలే. జీతమెంతనో అడగవోతె గదీ సమజ్ గాలే. సమజైతె వద్దంటుంటి గావచ్చు. గందుకే సమజ్ గాకముందే సంతకం వెడ్త."

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బాపు తల దించుకున్నాడు. నేను ఏడ్చాను. అంత ప్రేమ ఎవరైనా చూపించినప్పుడు ఎట్లా నిలబడాలో నాకు తెలియలేదు. ఆయన మాత్రం సంతకం పెట్టి, అందరికీ చాయ్ చెప్పమని బ్యాంకు ప్యూనును పురమాయించాడు.

చదువు అయింది. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో మూడు వేల రెండు వందలకు చేరాను. మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు జీతం చెబితే, పచ్చిదా ఎండుదా అని అడిగాడు. ఎండబెడితే ఏమీ మిగలదు పెద్దబాపూ అన్నాను. నిజంగానే మిగలలేదు. కొన్ని కిస్తీలు నేను కట్టాను, కొన్ని బాపు కట్టాడు, కొన్ని ఎవరమూ కట్టలేదు. జీతం ఎండుతది, అప్పు మాత్రం నానుతది బిడ్డా అని ఆయన నొచ్చుకునేవాడు. జమానతు సంతకం పెట్టిన మనిషి కదా, ఆ మాట వింటే నాకు తల కొట్టేసినట్టు ఉండేది. ఆ తరువాత ఒక ఏడు పసుపు ధర ఎన్నడూ లేనంత లేచింది. ఆ డబ్బుతో బాపు మిగిలిన అప్పులో సగానికి పైగా ఒకేసారి తీర్చాడు. నా చదువు అప్పును నా చదువు తీర్చిందా, పసుపు తీర్చిందా అంటే పసుపే అని చెప్పాలి. మరి అప్పు చేసి చదివినందుకు ఏం లాభం? నాతో ఇంటర్ చదివిన అమ్మాయి టీటీసీ చేసి, డీఎస్సీలో గెలిచి, పెర్కిట్‌లోనే మంచి ఇల్లు కట్టింది. నేను ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్నాను.

మా తగాదా దీని మీదే. అప్పు తీరాక నేను ఆర్మూర్‌కు వచ్చి, హైవే పక్కన గది అద్దెకు తీసుకుని చిన్న క్లినిక్ పెట్టాను. ఎప్పుడైనా నేను దిగులుపడి తప్పు చేశానేమో పెద్దబాపూ అంటే, తప్పెట్లా అవుతుందని నాతో కొట్లాడేవాడు. నేను తేరుకుని, నిజమే, మంచి పనే చేశాను అంటే, గని గటు జూస్తె అని ఆ పంతులమ్మ ఇల్లు చూపించేవాడు. పదేళ్ళు ఇదే వరస. నన్ను ఒక వైపు స్థిరంగా కూర్చోనిచ్చిన పాపాన పోలేదు.

ఒకసారి ఆయన భుజమే పట్టేసింది. చెయ్యి పైకి లేచేది కాదు, తువ్వాల పెద్దమ్మ వేయవలసి వచ్చేది. అంత మొండి పేషెంటును నేను మళ్ళీ చూడలేదు. చెయ్యి లేపుతుంటే నన్ను, నా కాలేజీని, బ్యాంకు మేనేజరును కలిపి తిట్టేవాడు. ఇంట్లో చేయమన్న వ్యాయామాలు చేయకుండానే చేశానని చెప్పేవాడు. చెయ్యి బాగయిన రోజు బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు, ఈమెది మాలీషు కాదు, పెద్ద డాక్టరీ అని గట్టిగా చెప్పాడు. తరువాత లోపలికి వచ్చి, ఇంత కష్టానికి ఇంత తక్కువ తీసుకుంటే ఎట్లా బతుకుతావని నన్నే కోప్పడ్డాడు.

ఆయన పోయిన కబురు తెలిసిన రోజు సాయంత్రం పెద్దమ్మ దగ్గరికి పోయాను. దహనం అయ్యాక వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కన కూర్చున్నాను. చివరి రోజుల్లో ఆయన నా ఊసు చాలాసార్లు ఎత్తాడని చెప్పింది. పిల్ల చేత అప్పు చేయించి మంచి చేశామా, చెడు చేశామా అని ఆమెనే అడిగేవాడట. ఊళ్ళో అందరి సంగతీ గిటూ గటూ తిప్పి హాయిగా నిద్రపోయిన మనిషికి ఈ ఒక్క సంగతి మీద నిద్ర పట్టేది కాదట.

"నాకేం ఎర్క, పిల్లనే అడుగమన్న. నాకు అడగ మొఖం లేదు, నువ్వే అడుగు అన్నడు. గందుకే అడుగుతున్న బిడ్డా. మంచిదైందా, చెడ్డదైందా?"

మూడు వేల రెండు వందల జీతం గుర్తుకు వచ్చింది. కట్టలేకపోయిన కిస్తీలు గుర్తుకు వచ్చాయి. పంతులమ్మ ఇల్లు గుర్తుకు వచ్చింది. రొట్టె తుంచిన నాయనమ్మ వేళ్ళు గుర్తుకు వచ్చాయి. ఏ పక్కన ఏది పెట్టి తూచాలో తెలియలేదు.

"తెల్వదు పెద్దమ్మా. గని మళ్ళ ఏం సదువుతవని అడిగితె, గదే సదువుకు పోత."

ఆమె నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

"గాయిన ఉంటె గీ మాట గాయినకు సమజ్ గాకపోతుండె బిడ్డా. నాకు సమజైంది."